లండన్ మేయర్‌ని నిలదీసేదెవరు?

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో సైకిల్ మీద కాలేజీకి వెళ్తాడు. సైకిల్ లేన్ సగంలో ఆగిపోయి బస్సుల మధ్యకి నెట్టేస్తోందట. మొన్న తాళం కోసి సైకిలే ఎత్తుకెళ్లారు. మేయర్‌ని అడిగే దారి ఏదైనా ఉందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఉందమ్మా. అక్కడ రవాణా సంస్థకు అధ్యక్షుడూ మేయరే, పోలీసుల మీద అజమాయిషీ కూడా ఆయనదే. అందుకే 25 మంది సభ్యుల లండన్ అసెంబ్లీ ఏడాదికి 10 సార్లు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంది. జనం వెళ్లి చూడొచ్చు గానీ అడగాల్సింది సభ్యులే. మీవాణ్ణి తన ప్రాంతపు సభ్యుడికి రాయమనండి. ఊరికే "భద్రత లేదు" అంటే ఊరడింపు మాటలే వస్తాయి. ఏ వీధి, ఏ మలుపు, లేన్ ఎక్కడ తెగింది, ఫొటోతో సహా రాయాలి. సభ్యుడు దాన్ని రాతపూర్వక ప్రశ్నగా వేస్తే, మేయర్ జవాబు రికార్డుకెక్కుతుంది. ముందు ఆ రోడ్డెవరిదో చూసుకోవాలి. దాదాపు 95 శాతం రోడ్లు స్థానిక బరో (నగరంలోని ఒక్కో పాలనా విభాగం) కౌన్సిళ్లవి, ముఖ్యమైన కొన్నే మేయర్ రవాణా సంస్థవి.

దొంగతనం సంగతి వేరు. ఒక్కో కేసు దర్యాప్తులో మేయర్ వేలు పెట్టడానికి లేదు. కానీ ఆ ప్రాంతంలో సైకిల్ దొంగతనాలు ఎన్ని తేలాయో లెక్క చెప్పమనొచ్చు. మన హైదరాబాద్‌లో పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు, మేయర్‌ని అడిగి లాభం లేదు. అక్కడ ఆ అడ్డు లేదు, వదలొద్దనండి.