సంక్రాంతి రాత్రులకు సినిమాలు ఎంచే మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి,

అత్త ఆశీస్సులు. ఈ సంక్రాంతికి మనవాళ్లంతా మీ ఇంట్లోనే దిగుతున్నారనీ, హాల్లో గోడ మీద ప్రొజెక్టర్ పెట్టి మూడు రాత్రులూ సినిమాలు వేస్తానని నువ్వు మాటిచ్చావనీ మీ అమ్మ చెప్పింది. భోగికి దెయ్యం సినిమా, పండగ రాత్రి కామెడీ, కనుమకి ఏదైనా మనసుకు పట్టే కథ. ఏవి పెట్టాలో, చూశాక ఎవరైనా "ఎలా ఉందిరా" అంటే ఏం చెప్పాలో తోచట్లేదని మెసేజ్ పెట్టావు. అది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నా.

నాకు కెమెరా సంగతులు తెలియవు. ఫ్రేమింగు, కలరింగు అని మీవాళ్లు మాట్లాడుకునేదాంట్లో తలదూర్చను. నేల టికెట్టు రోజుల నుంచి మల్టీప్లెక్సు దాకా డబ్బులిచ్చి చూశాను. ఒక సినిమా నన్ను భయపెట్టిందా, నవ్వించిందా, ఏడిపించిందా అన్నది మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. నువ్వూ అక్కణ్నుంచే మొదలుపెట్టు. దెయ్యం సినిమా భయపెట్టకపోతే దానికి ఎన్ని అవార్డులొచ్చినా మనకి అనవసరం.

ఇన్నేళ్లు చూశాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. దాచాల్సినదాన్ని దాచిన సినిమాయే మనల్ని పట్టుకుంటుంది. దెయ్యాన్ని దాచాలి. కామెడీలో, తనని చూసి జనం నవ్వుతున్నారన్న సంగతి ఆ పాత్రకే తెలియకూడదు. ఏడుపు కథలో పాత్ర ఏడుపు మింగాలి. ఎంచేటప్పుడు ఇది చూసుకో చాలు.

భోగి రాత్రికి రాంగోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి' పెట్టు. రేవతి చేసింది. హిందీలో 'రాత్' అదే. ఒక కుటుంబం కొత్త ఇంట్లో దిగుతుంది. తండ్రి కారు వెనక్కి తీస్తూ చూసుకోకుండా ఒక పిల్లిని తొక్కిస్తాడు. పిల్లాడికి తెలిస్తే బెంగపెట్టుకుంటాడని గప్‌చుప్‌గా పాతిపెట్టేస్తారు. తర్వాత ఆ పిల్లాడే అచ్చం అలాంటి పిల్లితో ఇంటికొస్తాడు. అంతే. అక్కడ రక్తం లేదు, తెల్ల చీర లేదు, పసివాడూ పిల్లీ ఉన్నారంతే. నాకు వెన్నులో చలి పుట్టింది. అది పాత పిల్లేనా, వేరేదా అని సినిమా తొందరపడి చెప్పదు. చెప్పదు కాబట్టి మన బుర్రే ఆ పని చేసుకుపోతుంది.

ఇప్పుడొచ్చేవాటిలో చాలావాటికి ఆ ఓపిక లేదు. తలుపు కిర్రుమంటుంది, సంగీతం ఆగిపోతుంది, కాసేపు నిశ్శబ్దం, ఆ వెంటనే చెవులు చిల్లులు పడే చప్పుడుతో ఒక మొహం తెర మీదికి దూకుతుంది. ఉలిక్కిపడతాం, నిజమే. వెనకనుంచి ఎవరైనా వచ్చి "భౌ" అన్నా ఉలిక్కిపడతాం, దానికి టికెట్టెందుకు? భయమంటే ఇంటికొచ్చి పడుకున్నాక కూడా వదలనిది. అర్ధరాత్రి మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్లాలంటే ముందు లైటు వేసుకోవాలి, అదీ భయం.

'మసూద' (2022) మొదటి సగం నాకు అందుకే నచ్చింది. మామూలు అపార్టుమెంటు. టీచరుగా పనిచేసుకుంటూ కూతుర్ని పెంచుకునే ఒంటరి తల్లి, పక్క ఫ్లాటులో ఒక పిరికి కుర్రాడు. అతను హీరోలా ఎదురు నిలబడడు, మనలాగే వణుకుతాడు. అతని వణుకు చూసే మనకీ వణుకు పుడుతుంది. తల్లిగా సంగీత కూడా గొప్పగా చేసింది. కూతురికి ఏమైందో తెలియక ఆవిడ పడే అవస్థ ఏ ఇంట్లోనైనా జరిగేదే అనిపిస్తుంది. రెండో సగంలో పాతకథ విప్పడం మొదలుపెట్టాక మాత్రం సాగింది. తెలుగు దెయ్యం సినిమాల్లో ఎక్కువ వాటికి ఉన్న జబ్బే అది. ఇంటర్వెల్ దాటగానే దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ పెడతారు. అది ఎవరో, ఎప్పుడు చచ్చిందో, ఎందుకు పగబట్టిందో పూసగుచ్చినట్టు చెప్తారు. చాలాసార్లు దానికి జరిగిన అన్యాయం చూపించి మనతో అయ్యోపాపం అనిపిస్తారు. జాలి పుట్టిన చోట భయం నిలవదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను.

'విరూపాక్ష' (2023) కూడా మొదటి గంటే నా లెక్కలో గొప్పది. రుద్రవనం అనే ఊరికి అష్టదిగ్బంధనం వేస్తారు. ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. చావులు మాత్రం ఆగవు. పల్లెటూళ్లో పుట్టినవాళ్లకి ఆ కట్టడి ఎంత బిగుసుకుంటుందో చెప్పక్కర్లేదు, ఊరు మూసేశాక అనుమానం ఇంటింటికీ తిరుగుతుంది.

మీ పిన్ని 'అరుంధతి' పెట్టమని పట్టుబడుతుంది. కోడి రామకృష్ణ 2009లో తీసినది. పెట్టు, నాకూ ఇష్టమే, కానీ దాన్ని భయం లెక్కలో వెయ్యకు. అందులో దెయ్యమైన పశుపతిని కళ్లకి కట్టినట్టు చూపిస్తారు, దాచిందేమీ లేదు. అది పగ తీర్చుకునే జానపద కథ, అనుష్క దాన్ని మోసింది. అందులో భయమంటూ ఉంటే అది పశుపతిగా వేసిన సోనూ సూద్‌కి రవిశంకర్ ఇచ్చిన గొంతులో ఉంది. "వదల బొమ్మాళీ" అని ఆ గొంతు వినపడితే, కళ్లు మూసుకున్నా లాభం లేదు.

పిల్లలు పడుకున్నాకే వెయ్యి. యూఏ సర్టిఫికెట్‌ని ఇప్పుడు 7, 13, 16 ఏళ్లని మూడు రకాలు చేశారు, కొత్త సినిమాలకి అది చూసుకో. పాతవాటికి ఆ అంకెలుండవు కాబట్టి ముందు నువ్వొక్కడివే కూర్చుని చూసుకోవాలి. డాలస్ నుంచి వచ్చే పిల్లలు ఎన్నో చూసి ఉంటారు, మాకేం భయం లేదంటారు. వాళ్ల మాట నమ్మకు, కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో పడుకునే పిల్లలు వాళ్లు.

దెయ్యం కామెడీ పెడితే రెండూ కలిసొస్తాయి కదా అన్నావు. ఆ రకంలో చాలా సినిమాలు రెంటికీ చెడ్డ రేవళ్లే. ఒక్కటి చెప్తాను, 'ఆనందో బ్రహ్మ' (2017). అందులో మనుషుల్ని చూసి దెయ్యాలు బెంబేలెత్తుతాయి. ఇంట్లో దిగిన నలుగురికీ ఒక్కో అవకరం, ఒక్కో బలహీనత. చీకటి పడితే కళ్లు కనపడనివాణ్ని దెయ్యం ఎలా భయపెడుతుంది చెప్పు? దాని తిప్పలు అది పడుతూ ఉంటుంది, వీడు తన ధోరణిలో తను ఉంటాడు. వెన్నెల కిషోర్ అక్కడ ఏమీ ఎరగనట్టు ఉన్నాడు కాబట్టే అంత నవ్వొచ్చింది.

పండగ రాత్రికి జంధ్యాల సినిమా ఏదైనా సరే. నా ఓటు 'అహ నా పెళ్లంట' (1987)కి. కోట శ్రీనివాసరావు లక్ష్మీపతి అనే పీనాసి. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్నే చూస్తూ వట్టన్నం తింటాడు. ఒంటికి న్యూస్ పేపరు చుట్టుకుంటాడు. ఆ కోడి సీను వచ్చినప్పుడు కోట మొహం చూడు. ఎక్కడా నవ్వించాలన్న ఆత్రం ఉండదు. ముద్ద కలుపుతాడు, కోడి వైపు చూస్తాడు, తృప్తిగా మింగుతాడు. ఆయన లెక్కలో అది పొదుపు, అందరూ అలాగే బతకాలి. జంధ్యాల మనుషులందరికీ ఇలాంటి పిచ్చి ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని వాళ్లు నిష్ఠగా పాటిస్తారు. మన వీధిలో అలాంటివాళ్లు ఉన్నారు కాబట్టి ఇన్నేళ్లయినా ఆ నవ్వు పాతబడలేదు.

కొత్తవాటిలో 'సామజవరగమన' (2023) పెట్టొచ్చు. తండ్రి డిగ్రీ పాసైతేనే ఆస్తి దక్కుతుంది, కొడుకు పట్టుపట్టి తండ్రిని చదివిస్తుంటాడు. తండ్రిగా నరేష్ నిజంగా పరీక్ష తప్పే కుర్రాడిలాగే చేశాడు. రెండు మూడు చోట్ల మాటల గారడీ ఎక్కువైంది, అయినా ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. చెంపదెబ్బల కామెడీ నాకు పనికిరాదు. నత్తి, నలుపు, లావు, మగవాడికి చీర కట్టడం, వీటి మీద బతికే సీన్లు పాతవాటిలోనూ ఉన్నాయి, కొత్తవాటిలోనూ ఉన్నాయి. మీ చిన్నాన్న మనవడికి నత్తి ఉందని నీకు తెలుసు. హాలంతా పగలబడి నవ్వుతుంటే వాడెటు చూడాలి? ఎంత పేరున్న సినిమా అయినా అలాంటి సీనుంటే పక్కన పెట్టెయ్యి. ఎవరైనా "కామెడీని కామెడీలా చూడాలమ్మా" అంటే నా దగ్గరికి పంపు.

కనుమ రాత్రి సంగతే అన్నిటికంటే జాగ్రత్తగా చూడాలి. మీ అమ్మ 'మాతృదేవోభవ' (1993) అంటుంది. అప్పట్లో ఆడవాళ్లం చెంగులు తడుపుకుంటూ బయటికొచ్చాం. వేటూరి గారికి జాతీయ అవార్డు తెచ్చిన పాట అందులోదే, పాటకి వంక పెట్టలేం. సినిమా మీద మాత్రం నా మాట వేరు. తండ్రి పోతాడు, తల్లికి ప్రాణం తీసే జబ్బు, పిల్లల్ని తలా ఒక ఇంటికి పంచెయ్యాలి. ఒక కష్టానికి ఏడ్చి కళ్లు తుడుచుకునేలోపు ఇంకోటి తెచ్చి మీద పడేస్తారు. మాధవి ఎంత బాగా చేసినా, చివరికొచ్చేసరికి నాకు దుఃఖం కంటే అలసట ఎక్కువైంది. పండక్కి వద్దు.

'జెర్సీ' (2019)లో రైల్వేస్టేషన్ సీను గుర్తుందా? అందులో నాని ముప్పై ఆరేళ్ల వయసులో, ఎప్పుడో వదిలేసిన క్రికెట్‌లోకి తిరిగొచ్చి జట్టులో చోటు సంపాదించాడు. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకోడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలు వచ్చేదాకా ఆగుతాడు. రైలు చప్పుడులో గొంతు చించుకుని అరుస్తాడు. రైలు వెళ్లిపోతుంది, మళ్లీ మామూలు మనిషైపోతాడు. నాని పక్కన ఓదార్చడానికి ఎవరూ లేరు, తను ఇన్నాళ్లు ఏం పోగొట్టుకున్నాడో చెప్పే డైలాగూ లేదు. నాకు క్రికెట్టంటే ఓనమాలు రావు. ఆ సీనుకి మాత్రం గొంతు పట్టేసింది.

పెద్దవాళ్ల కోసమైతే తనికెళ్ల భరణి గారి 'మిథునం' (2012) ఉంది. సినిమా మొత్తం ఇద్దరే మనుషులు, బాలసుబ్రహ్మణ్యం గారూ లక్ష్మి గారూ. పెరడు, వంట, పోట్లాట, మళ్లీ వంట. మీ తరం వాళ్లకి మధ్యలో కాస్త నెమ్మదిగా అనిపించొచ్చు, నిజంగానే అక్కడక్కడ నెమ్మదే. ఆకలి మీద మాత్రం చూడకండి.

అయినా నన్నడిగితే కనుమకి 'బలగం' (2023) పెట్టమంటాను. వేణు యెల్దండి తీశాడు, అంతకుముందు మనం అతన్ని కామెడీ వేషాల్లోనే చూశాం. తాత చనిపోతాడు, కర్మకి పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. బావా బావమరుదుల మధ్య ఏళ్ల తరబడి మాటల్లేవు. ఎందుకంటే ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క కోసం, అంటే మూలుగ ఉన్న ఎముక ముక్క కోసం, మాట పడింది. పైకి ఎంత చిన్నగా ఉంది! అయినా ఏ కుటుంబంలో చూసినా ఇంతే. ఆస్తి గొడవలు కోర్టుకెక్కి ఎప్పుడో ఒకప్పుడు తేలతాయి, విస్తరి దగ్గర జరిగిన అవమానం తేలదు. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి జనమంతా కలిసి చూశారంటే ఊరికే కాదు.

"మరి అందులో చివర అందరూ బోరున ఏడుస్తారు కదా, ఏడుపు దాచాలన్నావు" అని నువ్వు అడుగుతావు. ఆ మాటకి జవాబుంది. చావింట్లో మొదటి రోజు నుంచీ వాళ్లు లాంఛనాలకీ పంతాలకీ కొట్టుకుంటారు తప్ప మనసారా ఏడ్చినవాడు లేడు. ఆ దుఃఖమంతా లోపల ఉండిపోయింది. చివర పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు కథ ఎత్తుకుని పాడాక అది ఒక్కసారిగా బయటపడుతుంది. అంతసేపు ఆపారు కాబట్టే అంత ఏడుపూ చెల్లింది.

మీ పెదనాన్నా మావయ్యా మాట్లాడుకోవట్లేదని తెలిసే ఇది చెప్తున్నా. వాళ్లని పక్కపక్కన కూర్చోబెట్టాలని చూడకు. సినిమా నడుస్తుంటే ఆ ఇద్దరి మొహాల్లోకి నువ్వుగానీ, ఇంకెవరుగానీ తొంగి చూడకండి. అయిపోగానే టక్కున లైట్లు వెయ్యకు, పేర్లు పడేదాకా ఉండనీ. కళ్లు తుడుచుకునే టైము పెద్దవాళ్లకి ఇవ్వాలి.

ఇక "ఎలా ఉంది" అన్నదానికి జవాబు. "బాగుంది" అని తప్పించుకోకు. ఐదుకి రెండుముప్పావు అని మార్కులూ వెయ్యకు, ఆ పావు ఎక్కడ పోయిందో వేసినవాడికీ తెలియదు. "సెకండాఫ్ ల్యాగ్" అని అందరూ అనేదే నువ్వూ అనకు. ఏ సీను దగ్గర ఫోన్ తీసి టైము చూడాలనిపించిందో అది చెప్పు. ఏ సీనుకి చెయ్యి ఆగి పాప్‌కార్న్ నోట్లోకి పోలేదో అదీ చెప్పు. ఎవరైనా ఏడ్చిన సినిమా నీకు నచ్చకపోతే "నాకు ఏడుపు రాలేదు, ఇదిగో ఇక్కడ నాకు నకిలీగా అనిపించింది" అను. "చెత్త" అంటే వాళ్ల కన్నీళ్లని చెత్త అన్నట్టే. హీరో అభిమానులతో వాదన పెట్టుకోకు, వాళ్లు మాట్లాడేది సినిమా గురించి కాదు. మీ ఆఫీసులో కొరియా సినిమాలు, ఇరాన్ సినిమాలు చూసినవాళ్ల ముందు కూడా ఇలాగే మాట్లాడు. వాళ్లు చూసినన్ని నువ్వు చూసి ఉండకపోవచ్చు, నీకు భయం వేసిందో లేదో నీకంటే బాగా వాళ్లకి తెలియదు.

ఒక పని మర్చిపోకు. ప్రొజెక్టర్‌తో వచ్చే స్పీకరు దెయ్యం సినిమాకి చాలదు, మెల్లగా వచ్చే చప్పుళ్లు అస్సలు వినపడవు. పక్కింటివాళ్ల దగ్గర పెద్ద స్పీకరుంటే అడిగి తెచ్చిపెట్టు. మీ మావయ్యకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేడు, వెనక వరసలో చేతుల కుర్చీ ఒకటి వెయ్యి. గారెలు ఇంటర్వెల్‌కే పెట్టించు, ముందే పెడితే సగం మంది నిద్రపోతారు. నేను భోగి ముందురోజు పొద్దున బస్సుకి దిగుతాను.

మీ
రాజ్యం అత్త