ఫుట్ అంటే కాలా, పాదమా, అడుగా?

ఇంగ్లీషులో ఫుట్‌కీ లెగ్‌కీ తేడా ఏమిటని, ఫుట్‌కి వేరే అర్థాలున్నాయా అని అడిగారు.

చీలమండ నుంచి కిందిభాగం ఫుట్, అంటే పాదం. దానికి పైన తొడ దాకా ఉన్నది లెగ్. మనం రెండింటినీ కాలు అనేస్తాం కాబట్టి అరికాలు మండినా "లెగ్ పెయిన్" అంటాం. డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పేటప్పుడు మాత్రం దయచేసి ఫుట్ అనే చెప్పండి, లేకపోతే ఆయన పిక్కలు నొక్కి చూస్తారు.

బహువచనం ఫీట్. కొలతగా ఫుట్ అంటే 12 అంగుళాలు, అంటే 30.48 సెంటీమీటర్లు. చాలామంది తడబడేది ఇక్కడే. గోడ ఎత్తు చెప్పాలంటే "ద వాల్ ఈజ్ సిక్స్ ఫీట్ హై" అనాలి. అదే మాట గోడకు ముందు విశేషణంగా వస్తే "ఎ సిక్స్-ఫుట్ వాల్" అవుతుంది. అక్కడ ఫీట్ అనకూడదు.

కొండ అడుగుభాగమూ, పేజీ అడుగుభాగమూ ఫుటే. నడిచి వెళ్తే "ఆన్ ఫుట్". పెళ్లి భోజనాల ఖర్చంతా మేనమామ పెట్టుకుంటే "హిజ్ అంకుల్ ఫుటెడ్ ద బిల్" అంటారు. తీరా సమయానికి జంకితే "కోల్డ్ ఫీట్", ససేమిరా అని పట్టుబడితే "పుట్ హర్ ఫుట్ డౌన్".

నాకు బాగా ఇష్టమైనది ఛందస్సులో వాడుక. మన పద్యపాదం అంటే ఒక పూర్తి పంక్తి. ఇంగ్లీషు పద్యంలో ఫుట్ అంటే రెండు మూడు సిలబుల్స్ (పలికే అక్షరాలు, రాసే లెటర్లు కాదు) ఉన్న చిన్న కూర్పు. అది మన గణానికి దగ్గర, పాదానికి కాదు.