ధర తప్పు పడితే ఆ ధరకే ఇవ్వాలా?

ప్రశ్న: ఈమధ్య ఒక షోరూమ్ వాళ్ల యాప్‌లో ఒకటిన్నర టన్నుల ఏసీ 3,499 రూపాయలకి కనిపించింది. వెంటనే ఒకటి ఆర్డర్ పెట్టి యూపీఐలో డబ్బు కట్టేశాను, ‘మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది’ అని మెసేజ్ కూడా వచ్చింది. సాయంత్రానికల్లా ‘ధర పొరపాటున పడింది, క్యాన్సిల్ చేశాం’ అన్నారు. అసలు ధర 34,990 అట. డబ్బు వెనక్కి వచ్చింది గానీ మనసు ఒప్పుకోవడం లేదు. డబ్బు తీసుకున్నాక ఇచ్చి తీరాల్సిందే, కేసు వెయ్యి బావా అంటున్నాడు మా బావమరిది. వెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది, ఆ సగంతో ఏసీ మాత్రం ఇంటికి రాదు. షాపు అద్దంలో పెట్టిన ధర గానీ, పేపర్లో వేసిన ప్రకటన గానీ, యాప్‌లో కనిపించే అంకె గానీ చట్టం దృష్టిలో ‘ఈ ధరకి ఇస్తాను’ అని మాట ఇవ్వడం కాదు, ‘రండి, చూడండి, అడగండి’ అని పిలవడం మాత్రమే. కొంటానని అడిగేది మీరు, సరే అనాల్సింది అమ్మేవాడు, ఆ ‘సరే’ పడ్డాకే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందం పుడుతుంది. మీ విషయంలో చిక్కంతా ఆ సరే ఎప్పుడు పడిందన్నదే. డబ్బు తీసుకుని కన్ఫర్మ్ అని మెసేజ్ పంపినప్పుడే పడిందని మీరంటారు. వాళ్లేమో యాప్ నిబంధనలు తీస్తారు. మనమెవరమూ చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కేసే ఆ పేజీల్లో, సరుకు బయల్దేరాకే ఆర్డర్‌ని ఒప్పుకున్నట్టు లెక్క అని చాలా ఆన్‌లైన్ సంస్థలు ముందే రాసి పెట్టుకుంటాయి.

సరే, ఒప్పందం అయిపోయిందనే అనుకుందాం. అప్పుడు ‘మా వాడు అంకె తప్పు కొట్టాడండీ’ అంటే చెల్లుతుందా? ఒక్క పక్షం పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం రద్దు చేసుకునే హక్కు రాదని అదే చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. ఇది మీ వైపు మాట. కాకపోతే అది పొరపాటని మీకూ తెలుసా, తెలిసే నొక్కారా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. సింగపూర్‌లో 2003లో ఇదే జరిగింది. 3,854 డాలర్ల లేజర్ ప్రింటర్ ఒక వెబ్‌సైట్లో 66 డాలర్లకి పడింది. అర్ధరాత్రి దాటాక ఒకరికొకరు కబురు చెప్పుకుని, ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లు ఆర్డర్ పెట్టారు! ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగేసే రకం అన్నమాట. వాళ్లలో చదువుకోనివాళ్లు ఎవరూ లేరు, ఒకరు లాయరు కూడా. తప్పు ధర అని తెలిసే ఎగబడ్డారని 2004లో కోర్టు కేసు కొట్టేసింది, 2005లో అప్పీలూ పోయింది. అక్కడి తీర్పు మన కోర్టుల్ని కట్టిపడేయదు గానీ, ఆలోచన తీరు ఇక్కడా అదే వైపు ఉంటుంది. మీరు తీసుకున్నది ఒక్కటే, ఇంట్లోకే, కాబట్టి మిమ్మల్ని ఆ జాబితాలో వేయలేం. కానీ 34,990 ఏసీ 3,499కి వస్తోందంటే సున్నా ఎగిరిపోయిందని అనుమానం రాలేదా అని అవతలి లాయరు అడగకుండా ఉండడు, జవాబు సిద్ధం చేసుకోండి.

మనవాళ్లకి దగ్గర కేసు ఒడిశాది. 2014లో ఒక లా విద్యార్థి 23,499 రూపాయల ల్యాప్‌టాప్ అమెజాన్‌లో 190కి కనిపిస్తే ఆర్డర్ పెట్టాడు, ధర పొరపాటంటూ క్యాన్సిల్ చేశారు. ఆ అబ్బాయి వదల్లేదు. 2021లో రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ఖర్చులతో కలిపి 45 వేలు ఇవ్వమంది. చూశారుగా, ఏళ్లు పట్టింది, చేతికొచ్చింది పరిహారం.

అందుకని నా సలహా, ఏసీ మీద ఆశ వదిలేసి పరిహారం అడగండి. ఆర్డర్ మెసేజ్, యూపీఐ రసీదు, ధర కనిపించిన స్క్రీన్‌షాట్ దాచుకుని, ముందు ఆ యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి, 2020 ఈ-కామర్స్ నిబంధనలు అలాగే ఉన్నాయి. అవే నిబంధనల్లో చాలామంది పట్టించుకోని మాట ఇంకోటుంది: ఆన్‌లైన్ సంస్థలు తాము క్యాన్సిల్ చేసినప్పుడు క్యాన్సిలేషన్ ఛార్జీ తాము భరించకుండా, మనం క్యాన్సిల్ చేస్తే మాత్రం మన దగ్గర అది వసూలు చేయడం కుదరదు. కాబట్టి ఆ యాప్‌లో క్యాన్సిలేషన్ ఛార్జీ ఉందేమో చూసి, ఉంటే ఆ లెక్కన మీకేం ఇస్తారో అడగండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు వెళ్లాలి, మీరు కట్టిన మొత్తానికి అక్కడ ఫీజు లేదు.

ప్రశ్న: దుకాణంలో కుక్కర్ మీద వాళ్లే అంటించిన స్టిక్కర్ 1,149. బిల్లులో 1,499 వేశారు. అడిగితే ‘సిస్టమ్‌లో అదే ఉందమ్మా, స్టిక్కర్ పాతది’ అన్నారు. కట్టేసి వచ్చాను. ఏమైనా చేయొచ్చా?
– ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: చేయొచ్చు, మీ కేసు పై కేసు కంటే గట్టిది. వస్తువు మీదో ప్యాకెట్ మీదో చూపిన ధర కంటే ఎక్కువ వసూలు చేస్తే ఫిర్యాదు చేయొచ్చని 2019 వినియోగదారుల చట్టంలోనే ఉంది. సిస్టమ్ సంగతి వాళ్ల తలనొప్పి. స్టిక్కర్ పీకేయకండి, బిల్లుతో కలిపి ఫొటో తీసి, మేనేజర్‌ని అడిగి తేడా 350 వెనక్కి తీసుకోండి. ఈసారి మాత్రం డబ్బు కట్టకముందే కౌంటర్ దగ్గర ఆగండమ్మా. బిల్లు పడకముందైతే ఆ ధరకి ఇవ్వను, వస్తువు అక్కడ పెట్టేయండి అనే వీలు షాపువాడికి ఉంటుంది, మీకూ వద్దని వెళ్లిపోయే వీలుంటుంది.

ప్రశ్న: మాది చీరల షాపు. పాంప్లెట్‌లో 4,990 పట్టుచీర 499 అని అచ్చయింది. పొద్దున్నే పేపర్లతో పాటు పంచేశారు, జనం వచ్చేస్తున్నారు. టెన్షన్‌గా ఉంది, ఇవ్వాల్సిందేనా?
– ఒక వ్యాపారి, తెనాలి

జవాబు: ఇవ్వాల్సిన పని లేదు, కానీ దాచిపెట్టకండి. గుమ్మం దగ్గర, కౌంటర్ మీద, పాంప్లెట్ వెళ్లిన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ‘అచ్చుతప్పు, సరైన ధర 4,990’ అని పెద్దక్షరాలతో పెట్టండి. ఇప్పటికే 499కి బిల్లు వేసిన చీరలుంటే వాటి జోలికి వెళ్లొద్దు, అవి పోయినట్టే. పండక్కి పండక్కి ఇదే ‘అచ్చుతప్పు’ పడుతుంటే మాత్రం దాన్ని ఎర ప్రకటన అంటారు, ప్రకటనల మీద వచ్చిన 2022 మార్గదర్శకాల కింద నోటీసు వస్తుంది, తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు.