బాగ్స్‌వేర్ చర్చి బయటికి గోడౌన్‌లా ఎందుకు కనిపిస్తుంది?

కోపెన్‌హాగెన్ వెళ్తున్న మీరు, బాగ్స్‌వేర్ చర్చి ఫొటోల్లో గోడౌన్‌లా ఉందనీ, నగరం దాటి వెళ్లి చూడదగినదేనా అనీ అడిగారు. తప్పకుండా చూడండి, బయటి నుంచే తీర్పు చెప్పి వెనుదిరగకండి. గంట గోపురమూ పైన మొనదేలిన కిటికీలూ ఉన్న గుంటూరు లూథరన్ చర్చిలకు అలవాటుపడిన నాకు కూడా బయటి భాగం రుచించలేదు. ఆ తెల్ల పెంకులు ఇప్పటికీ స్నానాల గది గోడనే గుర్తుచేస్తాయి.

సిడ్నీ ఒపేరా హౌస్ పని నుంచి 1966లో మధ్యలోనే తప్పుకున్న డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ దీన్ని రూపొందించారు. నిర్మాణం 1976లో పూర్తయింది. పక్కనే వాహనాలు ఆగకుండా తిరిగే రోడ్డు ఉన్నందువల్ల గోడలకు కిటికీలు దాదాపుగా పెట్టలేదు. వెలుతురంతా పైనుంచే వస్తుంది. పొడవాటి నడవాలకు సైతం గాజు కప్పే ఉంది.

అసలు సంగతి ఆరాధన జరిగే గదిలో ఉంది. హవాయిలో పాఠాలు చెప్పిన కాలంలో సముద్రతీరం మీద చూసిన మేఘాలను ఉట్జన్ మొదట బొమ్మగా గీసుకుని, తరువాత ఆ మేఘాలనే పలుచని కాంక్రీట్ కప్పుగా మార్చారు. తెల్లరంగు వేసిన ఆ కప్పు ఒకచోట తలల మీదికి దిగినట్టు వంగి, మరోచోట ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ ఎత్తున ఉన్న కిటికీ కూర్చున్నవారి కంటికి నేరుగా కనబడదు కాబట్టి, వెలుతురు వంపుల మీద పడి మెత్తబడి కిందికి జారుతుంది. బయట మబ్బు పట్టగానే లోపలి తెలుపు బూడిదరంగుకు తిరగడాన్ని గమనించండి. ఆ వంపుల వల్లే పాట కూడా గదంతా చక్కగా పరుచుకుంటుంది. వాక్యం వినడమూ కలిసి పాడడమూ ప్రధానమైన లూథరన్ ఆరాధనకు ఇంతకన్నా తగిన కప్పు నేను చూడలేదు.

అలంకారం చాలా తక్కువ. బలిపీఠం వెనుక త్రికోణాకారపు తెల్లని ఇటుకలతో జాలీలా కట్టిన తెర, లేతరంగు చెక్క బల్లలు, ఉట్జన్ కుమార్తె లిన్ రూపొందించిన పాస్టరు వస్త్రాలు, అంతే. చిత్రాలూ విగ్రహాలూ కోరుకునేవారికి ఇది బోసిగా అనిపించవచ్చు.

లోకల్ రైల్లో బాగ్స్‌వేర్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. ఆదివారం ఆరాధన డేనిష్‌లోనే జరుగుతుంది. భాష రాకపోయినా ఆర్గన్ వినడానికైనా ఆ వేళకే వెళ్లండి.