బానెట్ మూసేముందు

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆదివారం కారు బానెట్ ఎత్తి ఇంజిన్ అంతా తనే కడుగుతుందట, రంగు కూడా వేస్తుందట" అని చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు, నీకు తెలియదు. ఆ సంగతి కింద రాస్తాను, వదలకుండా చదువు.

నువ్వు సొంత డబ్బుతో పాత కారు కొనుక్కుని, దాన్ని నీ చేత్తో బాగుచేసుకుంటానంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆరేళ్లప్పుడు నేను కారు కింద పడుకుని పనిచేస్తుంటే పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడేదానివి. నా చెయ్యి ఎటు పోతే వెలుగు అటు వచ్చేది, నేను చెప్పక్కర్లేకుండానే. ఆ పిల్లే ఇప్పుడు స్పానర్ పట్టుకుంటోందని పొద్దుట్నుంచి అదే తలుచుకుంటున్నాను.

కానీ ప్రెషర్ వాషర్‌తో ఐదు నిమిషాల్లో కొట్టించేస్తానన్నావట! ఎవరు చెప్పారమ్మా నీకు? ఆ నీటి ధార కనెక్టర్ల సీళ్లు దాటి లోపలికి వెళ్తుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లోకి, ఫ్యూజ్ బాక్స్‌లోకి, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిళ్ల కిందకి వెళ్లి కూర్చుంటుంది. స్పార్క్ ప్లగ్ ఉండే గుంటలో నీళ్లు నిలిస్తే ఇంజిన్ కొట్టుకుంటూ నడుస్తుంది, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. అలాగే నడిపితే కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. కడగడంలో మిగుల్చుకున్నదానికి ఎన్నో రెట్లు అక్కడ పోతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోంచి నీళ్లు సిలిండర్ దాకా వెళ్తే ఇంకా ఘోరం. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు కదా, పిస్టన్‌ని మోసే కడ్డీయే వంగిపోతుంది. నీకు కావలసింది ఒక స్ప్రే సీసా, రెండు బకెట్లు, పాత టూత్‌బ్రష్‌లు, ఒక పెయింట్ బ్రష్. అంతే.

ముందు మురికిని తుడవకు, చూడు. అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి పెట్టుకో. పొడి దుమ్ము ఉన్నచోట భయం లేదు. తడిగా, నల్లగా, జిగురుగా ఉన్నచోట ఆయిల్ కారుతోందని అర్థం. హోస్ పైపు క్లిప్పుల దగ్గర తెల్లగానో పచ్చగానో పొరకట్టి ఉంటే అది కూలెంట్, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. ఎలుక కొరికిన వైర్లు కూడా ఇప్పుడే కనిపిస్తాయి. ఒకసారి కడిగేశాక ఈ గుర్తులన్నీ పోతాయి. అసలు ఇంజిన్ శుభ్రం చేయడంలో నాకు ఇష్టమైన లాభం ఇదే. కడిగిన వారం రోజులకి మళ్లీ బానెట్ ఎత్తితే, లీకు ఎక్కడ మొదలవుతోందో చుక్కతో సహా తెలిసిపోతుంది. అందం దాని తర్వాతే.

ఇంజిన్ చల్లబడాలి. చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉండాలి, అంతకంటే వేడి వద్దు. ఇంజిన్ నుంచి వేడి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కాలుతున్నప్పుడు దాని మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు. ఇంకో సంగతి, తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాన్ కొన్ని కార్లలో తనంతట తాను తిరుగుతుంది, వేళ్లు అక్కడ ఉంచకు.

ఉంగరాలు, గాజులు, వాచీ, అన్నీ తీసి ఇంట్లో పెట్టి రా. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పు. చాలా కార్లకు 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. ముందు నెగటివే తియ్యాలి, పెట్టేటప్పుడు ఆఖర్న నెగటివే పెట్టాలి. పాజిటివ్ ముందు తీస్తుంటే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, వేలికి ఉంగరం ఉంటే క్షణంలో ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ 12 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోకు, అందులోంచి ఒక్కసారిగా వందల ఆంపియర్లు దూకుతాయి.

టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే ఒక కప్పు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి బ్రష్‌తో రుద్దు. బుసబుసమని పొంగుతుంది, ఆమ్లం విరుగుతోందన్నమాట. పొంగు ఆగేదాకా రుద్ది తుడిచెయ్. ఆ నీళ్లు మాత్రం బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. మళ్లీ బిగించాక పైన కాస్త వ్యాసలిన్ రాస్తే చాలు, దానికోసం విడిగా ఏ స్ప్రే డబ్బా కొనక్కర్లేదు.

ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఇంజిన్ కంట్రోల్ డబ్బా, ఎయిర్ ఫిల్టర్ నోరు, కాయిళ్లు. వీటన్నింటికీ ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లు వెయ్యి. ఆయిల్ మూత, డిప్‌స్టిక్, బ్రేక్ ఆయిల్ మూత గట్టిగా ఉన్నాయో లేదో చూడు. ఎండుటాకులు, దుమ్ము ముందు పొడి బ్రష్‌తో దులుపు. గిన్నెలు తోమే ద్రవం గోరువెచ్చని నీళ్లలో కలిపి, ఒక్కో మూల రుద్దుకుంటూ రా. మొత్తం ఒకేసారి నురగ పెడితే ఒక పక్క రుద్దేలోపు ఇంకో పక్క ఎండిపోయి మరకలు కడతాయి. బాగా జిడ్డున్నచోటికి మాత్రం నీటితో తయారైన డీగ్రీజర్ ఒక సీసా కొనుక్కో, అదీ అల్యూమినియానికి పడేదేనని లేబుల్ మీద చూసి. కడిగిన జిడ్డునీళ్లు వాననీటి కాలవలోకి పోనివ్వకు. కింద రేకో పాత గుడ్డో పరిచి పట్టుకో.

కిరోసిన్ ముట్టుకోవద్దు. డీజిల్ వద్దు, పెట్రోలు అసలే వద్దు. జిడ్డు ఇట్టే పోతుందని ఎవరైనా సలహా ఇస్తారు, ఒకప్పుడు నాకూ ఇచ్చారు. కూలెంట్ పైపుల రబ్బరు ఆ నూనెల్ని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. కానీ నేను వద్దంటున్నది పైపుల కోసం కాదమ్మా.

నా ఎడమ మణికట్టు మీద మచ్చ ఉంది కదా, చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి "ఇదేంటి మామయ్యా" అని అడిగితే సైలెన్సర్ తగిలిందని చెప్పాను. అది అబద్ధం.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నా మొదటి కారు, నీ కారులాగే పాతది. మర్నాడు మీ అమ్మకి డిగ్రీ ఆఖరి పరీక్ష. చెల్లెల్ని మెరిసిపోయే కారులో పరీక్షకు తీసుకెళ్లాలని ముందురోజు సాయంత్రం ఇంజిన్ శుభ్రం చేయడానికి కూర్చున్నాను. పాత దుప్పటి చింపి నాలుగు గుడ్డలు చేశాను. కిరోసిన్‌లో ముంచి తుడుస్తుంటే జిడ్డంతా చేతిలోకి వచ్చేస్తోంది. మధ్యలో స్పానర్ పట్టుకోవడానికి చెయ్యి కావలసి వచ్చి, ఒక గుడ్డని ఇంజిన్‌కీ వెనక రేకుకీ మధ్య సందులో దూర్చాను. ఇంతలో భోజనానికి పిలిచారు. తిని వచ్చేసరికి చీకటి పడింది. బకెట్‌లో ఉన్న గుడ్డలు తీసుకుని, కారు పైన ఒకసారి తుడిచి, బానెట్ మూసి లోపలికి వెళ్లిపోయాను. బకెట్‌లో ఉన్నవి మూడే. నేను లెక్కపెట్టలేదు.

పొద్దున బయల్దేరిన పది నిమిషాలకి వాసన. మీ అమ్మే ముందు పసిగట్టింది. "ఏం లేదమ్మా, నిన్న తుడిచాను కదా, తడి ఆరుతోంది" అన్నాను. శుభ్రం చేసిన ఇంజిన్ మొదటిసారి వేడెక్కేటప్పుడు నిజంగానే కాస్త వాసన వస్తుంది, అందుకే నా మాట నేనే నమ్మాను. అద్దం దించుకుని కూర్చుంది. ఇంకో రెండు నిమిషాలకి డ్యాష్‌బోర్డు రంధ్రాల్లోంచి సన్నగా నీలం పొగ వచ్చి మీ అమ్మ ఒళ్లో ఉన్న పుస్తకం మీదుగా పాకింది. "అన్నయ్యా, పొగ" అంది, చాలా మెల్లిగా.

పక్కకి ఆపాను. అంతవరకు చేసింది ఒక తప్పు, అప్పుడు చేసింది రెండో తప్పు. పరుగెత్తి వెళ్లి బానెట్ బార్లా ఎత్తేశాను. లోపల గాలి చాలక రాజుకుంటున్న మంటకి ఒక్కసారిగా గాలి తగిలింది. భగ్గుమని నా ముఖం మీదకి లేచింది. కనుబొమ్మలు కాలిపోయాయి. ఆ గుడ్డ లాగేద్దామని చెయ్యి పెట్టాను, అదీ ఈ మచ్చ. నా కాలర్ పట్టి వెనక్కి లాగింది మీ అమ్మే. హాల్ టికెట్ పళ్ల మధ్య కరుచుకుని, రెండు చేతులా రోడ్డు పక్క మట్టి తోడి పోసింది. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు అలాగే ఉంది. ప్లగ్ వైర్లు కరిగి ముద్దలయ్యాయి. పరీక్షకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా, గోళ్లలో మట్టితో వెళ్లి కూర్చుంది. తిరిగొచ్చాక కారు గురించి ఒక్క మాట అడగలేదు. నా చెయ్యి విప్పి చూసింది, అంతే.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి తెలిసింది, కిరోసిన్ 220 డిగ్రీల దగ్గర నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకుంటుందని. ఎత్తు ఎక్కడానికి కాస్త కష్టపడిన ఇంజిన్ మానిఫోల్డ్ 400 డిగ్రీలు సులువుగా దాటుతుంది. నేను గుడ్డ దూర్చిన సందు సరిగ్గా దాని పైనే ఉంది. నిన్న మీ అమ్మ ఫోన్‌లో రెండుసార్లు ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసిందా? నిన్ను వద్దనలేక నాకు చెప్పింది.

కాబట్టి ఒక్క పని తప్పకుండా చెయ్యి. మొదలుపెట్టే ముందే గుడ్డలు, బ్రష్‌లు, సంచులు, స్పానర్లు అన్నీ నేల మీద వరసగా పరిచి లెక్క కాగితం మీద రాసి, కాగితాన్ని కారు అద్దానికి అంటించు. గుడ్డలు ఎర్రవో పసుపువో తీసుకో, నల్లవి ఇంజిన్‌లో కలిసిపోతాయి. ఏదీ లోపల ఏ సందులోనూ పెట్టకు, ఒక్క నిమిషానికైనా సరే. ఎవరు పిలిచినా, ఫోన్ మోగినా, చేతిలో ఉన్నది బకెట్‌లో వేశాకే లే. మంటలార్పే 1 కిలో డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి కారులో ఉండాలి, నీ బడ్జెట్‌లో మొదటి ఖర్చు అదే. ఎప్పుడైనా బానెట్ కింద పొగ కనిపిస్తే బండి ఆపి, తాళం తీసి, అందరూ దిగి దూరంగా వెళ్లి ఫైర్ సర్వీస్‌కి ఫోన్ చెయ్యాలి. బానెట్ పూర్తిగా ఎత్తకూడదు. కారు పోతే పోనీ.

సరే, ఇక అలంకారం సంగతి. ఆరిన తర్వాత ప్లాస్టిక్ భాగాలకూ రబ్బరు పైపులకూ మెరుపునిచ్చే, నీటితో చేసిన డ్రెస్సింగ్ పలచగా రాసి, అరగంట ఆగి పొడిగుడ్డతో తుడిచెయ్. జిగజిగ మెరిసేలా వదిలితే వారంలో దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది. బెల్టుకి, పుల్లీలకి, మానిఫోల్డ్‌కి ఆ మెరుపు తగలకూడదు, బెల్టు జారుతుంది. రంగు వేయాలనుకుంటే వాల్వ్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, ఒక్కటి చాలు. బానెట్ ఎత్తగానే చూపు పడేది దాని మీదే. ఎమరీ పేపర్‌తో రుద్ది, జిడ్డు ఆనవాలు లేకుండా తుడిచి, వేడిని తట్టుకునే ఇంజిన్ పెయింట్ రెండు మూడు పలచటి పొరలుగా వెయ్. మామూలు రంగు వేస్తే పొక్కులు లేచి ఊడిపోతుంది. రేడియేటర్ రెక్కలకి రంగు జోలికి పోకు, దాని పని వేడిని వదలడం. బ్రేక్ ఆయిల్ చుక్క ఎక్కడైనా పడితే వెంటనే నీళ్లతో కడుగు, కారు రంగుని తినేస్తుంది.

వేలాడే వైర్లకి ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, కేబుల్ టైలతో సర్దు. ఇంత తక్కువ డబ్బుతో ఇంత పెద్ద మార్పు ఇంకెందులోనూ రాదు. ఇన్సులేషన్ టేపు మాత్రం చుట్టకు, వేడికి జిగురు కరిగి కారుతుంది. క్రోమ్ మూతలూ రంగురంగుల క్యాపులూ కొనాలనిపిస్తుంది, నాకూ అనిపించేది. ఆ డబ్బుతో కొత్త హోస్ క్లిప్పులు కొను, అవీ మెరుస్తాయి.

అంతా అయ్యాక సంచులన్నీ తీసి, నీడలో బానెట్ ఎత్తి రెండు మూడు గంటలు ఆరనివ్వు. తర్వాత బ్యాటరీ కలిపి, స్టార్ట్ చేసి, బానెట్ తెరిచే ఉంచి పదిహేను నిమిషాలు నడవనివ్వు. నువ్వు పక్కనే నిలబడు, జుట్టు ముడి వేసుకుని, చున్నీ లేకుండా. వాసనా, శబ్దమూ గమనించు.

బానెట్ మూసేముందు గుడ్డలన్నీ నేల మీద వరసగా పరిచి, పక్కన ఆ లెక్క కాగితం పెట్టి ఫొటో తీసి పంపు. నాకు, మీ అమ్మకి, ఇద్దరికీ. నేను సరే అన్నాకే మూయి. ఇంజిన్ ఫొటో ఆ తర్వాత పంపు, తీరిగ్గా చూస్తాను.

ప్రేమతో,
మామయ్య