బెంగళూరులోనా, అనంతపురంలోనా? తొలి కాన్పుకు చోటు, తోడు

మీరు బెంగళూరులో ఉంటున్నారు, ఏడో నెల నడుస్తోంది, ఇది తొలి కాన్పు. ఆనవాయితీ ప్రకారం కాన్పు పుట్టింటి వైపే జరగాలని ఉరవకొండ దగ్గరి పల్లెలో ఉన్న మీ అమ్మగారు, మొదటి నుంచి చూపించుకుంటున్న డాక్టరు దగ్గరే కానివ్వాలని మీ వారు, తానే కర్నూలు నుంచి వచ్చి చూసుకుంటానని మీ అత్తగారు అంటున్నారు. ఎవరి మాట వినాలని మీరు అడిగారు. నా పుట్టిల్లు కళ్యాణదుర్గం వైపు. నా పిల్లలిద్దరూ అనంతపురంలోనే పుట్టారు. మొదటిది మామూలు కాన్పు, రెండోసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉండడం వల్ల సిజేరియన్ చేశారు. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

మీ ఇంట్లో ఒకే విషయంగా వాదించుకుంటున్నది నిజానికి మూడు విషయాలు: కాన్పు ఏ ఆసుపత్రిలో జరగాలి, నొప్పుల వేళ మీ పక్కన ఎవరుండాలి, ఆ తరువాత బాలింతగా మీరు ఎవరి ఇంట్లో ఉండాలి. ఈ మూడింటికీ ఒకే ఊరు, ఒకే మనిషి జవాబు కానక్కరలేదు. వీటిని విడదీసి మాట్లాడుకుంటే సగం వాదన అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే అమ్మగారు అడుగుతున్నది ముఖ్యంగా మూడోది, మీ వారు భయపడుతున్నది మొదటిదాని గురించి.

ఆసుపత్రిని పగటిపూట చూసి ఎంచుకోకూడదని నా అభిప్రాయం. అర్ధరాత్రి రెండు గంటలకు అక్కడ ఎవరుంటారన్నదే అసలు ప్రశ్న. మొదటి కాన్పుకు నేను నొప్పులు పడుతున్న రాత్రి, పక్క గదిలో ఒకామెకు ఉన్నట్టుండి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆ నర్సింగ్‌హోమ్‌లో మత్తు డాక్టరు లేరు. ఊళ్లో మరో ఆసుపత్రిలో పని ముగించుకుని ఆయన వచ్చేదాకా ఆమె భర్త మెట్లమీదికీ వీధిలోకీ తిరుగుతూనే ఉన్నాడు. తల్లీబిడ్డా క్షేమంగానే బయటపడ్డారు, కానీ రెండో కాన్పుకు ఆసుపత్రి చూసుకునేటప్పుడు నేను ముందుగా అడిగిన ప్రశ్న అదే అయింది. రాత్రి మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, పిలిస్తే వస్తారా, వస్తే ఎంతసేపట్లో వస్తారు? రక్తం అక్కడే నిల్వ ఉంటుందా, మనుషులు బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాలా? బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే ఏడవకపోయినా నవజాత శిశువుల వార్డు అదే భవనంలో ఉందా? మీ చేతిలో లేని పరిస్థితి వస్తే ఎక్కడికి పంపుతారు? ఈ చివరి ప్రశ్నకు చిరాకు పడే చోట చేరకపోవడమే మంచిది. మన దేశంలో తల్లుల మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం రక్తస్రావం. కాన్పు సాఫీగా అయిన తరువాత కూడా అది మొదలు కావచ్చు, అప్పుడు వాహనం కోసం చూసే వ్యవధి ఉండదు.

ఈ లెక్కన చూస్తే మీ పల్లె నుంచి నేరుగా కాన్పుకు బయలుదేరడం నాకు నచ్చదు. ఉరవకొండలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నా, క్లిష్టమైన కేసు చివరికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతపురానికే రావాలి. అనంతపురంలో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, అంటే మనం పెద్దాసుపత్రి అనేది, ఉంది; అక్కడ రద్దీ ఎక్కువ, మంచం కోసం, మాట కోసం ఓపిక పట్టాలి, కానీ డాక్టర్లు, రక్తం, శిశువుల విభాగం ఒకే చోట దొరుకుతాయి. కదిరి దారిలో బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వారి ఆసుపత్రి ఉంది. తక్కువ ఖర్చుతో కాన్పులు చేస్తారని చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఎంతో కాలంగా అక్కడికి వెళుతున్నారు. 2022లో బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, జిల్లా మారినంత మాత్రాన దూరం మారలేదు కదా. ఇక పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో పైన రాసిన ప్రశ్నలన్నీ అడిగి తేల్చుకోండి. వాటితో పాటు సిజేరియన్ సంగతి కూడా అడగండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో సుమారు 63 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 27 శాతం సిజేరియన్లు. అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, నా రెండో బిడ్డ విషయంలో నేను క్షణం కూడా సందేహించలేదు. కానీ ఏ కారణం చూసి ఆ నిర్ణయం తీసుకుంటారో ముందే చెప్పగలిగిన డాక్టరును ఎంచుకోవడం మీ హక్కు.

మీకు రక్తపోటు 140/90 దాటుతున్నా, షుగరు ఉన్నా, కవలలున్నా, హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉన్నా ఇప్పుడు చూస్తున్న డాక్టరును వదలకండి. అప్పుడు అమ్మగారే బెంగళూరు రావాలి. అవేవీ లేకపోతే అనంతపురం రావడంలో ఇబ్బంది లేదు, కానీ తొమ్మిదో నెల నిండేదాకా ఆగకుండా 34, 35 వారాలకల్లా, మీ డాక్టరు అనుమతి తీసుకుని, వీలైతే బస్సులో కాకుండా రైల్లో రండి. వచ్చిన వెంటనే కాన్పు జరగబోయే చోటే పరీక్షలు చేయించుకోండి, ఎందుకంటే ఏ కాగితమూ లేకుండా నొప్పులతో వచ్చిన మనిషిని చూస్తే ఏ ఆసుపత్రివాళ్లయినా జంకుతారు. కర్ణాటకలో ఇచ్చిన తాయి కార్డు (గర్భిణుల పరీక్షల వివరాలు రాసే కార్డు), స్కానింగ్ రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం వెంట తెచ్చుకోండి. మీది నెగెటివ్ గ్రూపు అయితే తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి ఎదురుతిరిగే గుణం పుట్టకుండా 28 వారాలకు ఇచ్చే ఆంటీ-డి ఇంజెక్షన్ గురించి ఈ వారమే అడగండి. పల్లెలోని ఏఎన్ఎమ్‌కు, ఆశా కార్యకర్తకు మీరు వచ్చిన సంగతి చెప్పి పేరు రాయించుకుంటే, 108 పిలవవలసి వచ్చినప్పుడు, ఆ తరువాత టీకాల వేళ వాళ్లే దారి చూపిస్తారు.

ఇక తోడు సంగతి. నొప్పుల వేళ మొదటి నుంచి చివరిదాకా ఒక మనిషి పక్కన ఉంటే మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని, నొప్పుల సమయం కొంత తగ్గుతుందని 15 వేలకు పైగా స్త్రీలతో జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్ష తేల్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సహచరిని అనుమతించాలని చెప్పింది. కాన్పు అనుభవం ఉన్న స్త్రీ అయి ఉండాలని, గదిలో మిగతా స్త్రీల కంటపడకుండా చాటు ఉన్న చోట భర్తను కూడా రానివ్వవచ్చని అందులో ఉంది. కాగితం మీద ఉన్నది ప్రతి వార్డులోనూ అమలు కాదు, కాబట్టి చేరకముందే అడిగి తెలుసుకోండి. మీ వారు లోపలికి రావాలని మీకు గట్టిగా ఉంటే, ఒక్కొక్కరికి విడి గది ఉన్న ఆసుపత్రినే చూసుకోవాలి.

లోపల ఉండే మనిషిని బంధుత్వం వరస చూసి ఎంచుకోకండి. నా మొదటి కాన్పుకు అమ్మ కాక చిన్నమ్మ లోపలికి వచ్చింది. నేను మూలిగితే అమ్మ ఏడుస్తుందని అమ్మకే తెలుసు, ఆమే చిన్నమ్మను పంపింది. చిన్నమ్మ నడుం రుద్దింది, నడిపించింది, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగించింది, నర్సు విసుక్కున్నప్పుడు ఎదురు మాట్లాడకుండానే, "ఇంకెంతసేపు పట్టొచ్చు తల్లీ?" అని మళ్లీ మళ్లీ అడిగింది. మీకు కావలసింది అలాంటి మనిషి: భయపడనివారు, డాక్టరు చెప్పింది విని మీకు నెమ్మదిగా చెప్పగలవారు, మీ ముందు ఇంకొకరి కాన్పు కష్టాల కథలు ఎత్తనివారు. అది మీ అత్తగారైతే ఆమెనే పిలవండి, ఇందులో పుట్టింటివారు చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. బయట మాత్రం ఒక మగమనిషి తప్పనిసరిగా ఉండాలి. రక్తం, మందులు, సంతకాలు, రాత్రి వాహనం, అన్నీ ఆయన మీదే పడతాయి. మీ గ్రూపు రక్తం ఇవ్వగల ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు మీ వారు ముందే రాసి పెట్టుకోవాలి.

బాలింతగా ఉండేందుకు పుట్టిల్లే నయమని నేను అంటాను, కానీ ఒక్కటి ఆలోచించండి. మీ కాన్పు అక్టోబరు, నవంబరు నెలల్లో పడితే అది శెనక్కాయ పీకే కాలం. అమ్మగారు చేను వదిలి రాలేకపోతే ఆ పది పదిహేను రోజులు అత్తగారు రావడం అందరికీ మేలు. ఎవరు వచ్చినా కొన్ని మాటలు ముందే తేల్చుకోండి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి, తేనె గానీ చక్కెర నీళ్లు గానీ నాకించకూడదు. బాలింత నీళ్లు తాగకూడదన్న పాత పథ్యం పాలకు మంచిది కాదు. వెల్లుల్లి కారం, జొన్నరొట్టె, నువ్వులు ఎంత తిన్నా మంచిదే గానీ, వాటితో పాటు ఆకుకూర, గుడ్డు, పప్పు కూడా ఉండాలి, ఐరన్ మాత్రలు ఆరు నెలలు మానకూడదు. తలుపులు మూసి సాంబ్రాణి పొగతో గదిని నింపే అలవాటు మీ ఇంట్లో ఉంటే, పసిబిడ్డ ఊపిరికి అది మంచిది కాదని డాక్టరు చేతనే చెప్పించండి, మీరు చెబితే వినరు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, రక్తం, భోజనం ఉచితం. కాన్పు తరువాత ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉంది. తొలి బిడ్డకు, అర్హత ఉంటే, కేంద్రం వారి మాతృవందన పథకం కింద 5,000 రూపాయలు వస్తాయి, దానికి బెంగళూరులోనే పేరు నమోదు చేసుకుని ఉంటే ఇక్కడ రెండోసారి చేయించకండి. జనన నమోదు మాత్రం బిడ్డ పుట్టిన ఊళ్లోనే జరుగుతుంది. 21 రోజుల్లోపు అయితే రుసుము ఉండదు, పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు చేస్తారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే ఆ పని మీ వారికి అప్పగించండి.