యంత్రం రంగు మనిషిని మింగకుండా

చి॥ అమ్మాయికి,

ఒకే జింకు ప్లేటు మీద మూడు రంగుల్లో, యంత్రాల మధ్య మనుషుల అచ్చుబొమ్మ తీయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది. ప్లేటుని తొలిచే యాసిడ్ సంగతి తల్చుకుంటేనే దడ.

నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. నైట్రిక్ అయితే 8 పాళ్ల నీటికి 1 పాలు చాలు. గోధుమరంగు పొగ లేస్తే ప్లేటు పోతే పోయింది, ముందు నువ్వు గదిలోంచి బయటికి రా. మూతికి గుడ్డ కట్టుకున్నాను కదా అనకు. ఆ పొగని గుడ్డ ఆపదు.

వెనక వార్నిష్, అంచులకి ఆకురాయి, కాగితం నానబెట్టడం నీకు తెలిసినవే.

ఇక బొమ్మ. చేతుల బదులు పళ్లచక్రాలు తగిలిస్తే అది యంత్రమూ కాదు, మనిషీ కాదు. బ్రిటిష్ కళాకారుడు పావొలోజ్జి 1965 నాటి సిల్క్‌స్క్రీన్లలో (గుడ్డ తెరలోంచి రంగు దించే అచ్చుల్లో) అచ్చు బొమ్మల ముక్కలు అతికించి సాధించాడంటే ఆ పద్ధతి వేరు, అక్కడ లోతు లేదు. నీకు మన కృష్ణారెడ్డి దారి మేలు. చిత్తూరు జిల్లాలో పుట్టి, పారిస్‌లో హేటర్ అనే చిత్రకారుడు నడిపిన ఆతెలియే 17 అనే అచ్చుబొమ్మల కార్ఖానాలో పనిచేసిన ఆయన శిల్పి కూడా. ప్లేటుని శిల్పంలాగే తొలిచేవాడు. 1968 పారిస్ విద్యార్థుల ఉద్యమం మీద చేసిన ‘డెమాన్‌స్ట్రేటర్స్’లో మనిషి పోలిక ఉంటుంది, ఎవరి పోలికా ఉండదు. నువ్వు కూడా మనిషిని ప్లేటు పైమట్టంలో ఉంచు, యంత్రాన్ని కింది మట్టంలోకి దించు. గీసి విడదీయకు, లోతుతో విడదీయి.

ఇక రంగులు పట్టించడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ముందు గాట్లలోకి గట్టి ఇంకు నింపి తుడుస్తావు. తర్వాత గట్టి రోలర్‌తో, అవిసె నూనె బాగా కలిపి తేనెలా జారే ఇంకు పైమట్టానికి అంటించాలి. ఆపైన మెత్తటి రోలర్‌తో, నూనె తక్కువున్న బిరుసు ఇంకు. మెత్తటి రోలర్ పల్లంలోకి దిగుతుంది, పైమట్టం మీది జిడ్డు మాత్రం బిరుసు ఇంకుని అంటనివ్వదు. అదే కిటుకు. వరస తారుమారైతే రెండూ కలిసి బురదవుతాయి. వరస సరిగ్గా ఉన్నా పైమట్టం ఇంకులో నూనె చాలకపోతే యంత్రం రంగు మనిషి మీదికెక్కి కూర్చుంటుంది. అలా కావాలనుకుంటే సరే, కానీ అది నీ నిర్ణయం కావాలి, నూనె పొరపాటు కాకూడదు. అలాగని జిడ్డు ఇంకు మందంగా పట్టించకు. ప్రెస్సులో నలిగి భుజం గీత దాటి పారుతుంది. ఎండాకాలం బిరుసు ఇంకు కూడా వదులవుతుంది, కాస్త మెగ్నీషియం కార్బొనేట్ కలుపు.

అనుమానంగా ఉంటే గాజుపలక మీద జిడ్డు ఇంకు పట్టీ ఒకటి లాగి, బిరుసు ఇంకు పట్టించిన మెత్తటి రోలర్‌ని దానిమీద నడిపించు. పట్టీ రంగు మారకపోతే ప్లేటు దగ్గరికి వెళ్లు.

రోలర్ ఒక్క చుట్టులో ప్లేటంతా దాటాలి. 12 సెం.మీ. వ్యాసమున్న రోలర్ చుట్టుకొలత 38కి కాస్త తక్కువ, కాబట్టి ప్లేటు పొడవు 35 మించనివ్వకు. రెండో చుట్టు పడిందా, మొదటి చుట్టులో రోలర్‌కి అంటిన బొమ్మ నీ మనిషి పక్కన దెయ్యంలా అచ్చవుతుంది. ప్రతిసారీ రోలర్ తుడవాలి. బద్ధకించావో, నాతో మాట పడతావు.

ముందు అరచేయంత ముక్క మీద చేసి ఆ ప్రూఫు (నమూనా అచ్చు) పంపు. పెద్ద ప్లేటు జోలికి తర్వాత వెళ్దువుగాని. గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందో లేదో ఈరోజే ఫోన్ చేసి చెప్పు తల్లీ.

మీ పెదనాన్న